ముప్పై ఏడో పేజీ

"సంతకం పెట్టండి సుకన్య గారూ. మీ మర్యాద మీకుంటుంది, కంపెనీ మర్యాద కంపెనీకుంటుంది" అంటూ రాజేందర్ రాజీనామా కాగితాన్ని టేబుల్ మీద ముందుకు జరిపాడు.

సుకన్య ఆ కాగితం వైపు చూడలేదు. ఆమె తండ్రి దశరథం చూశాడు. చూసి, తలుపు దగ్గర నిలబడి ఉన్న డిటెక్టివ్ త్రివేణి వైపు తిరిగాడు.

"అమ్మా, నా బిడ్డ చెయ్యని తప్పుకు సంతకం పెడ్తుంటే నేను సూసుకుంట కూసోను. అందుకే నిన్ను పిలిచిన."

"పెట్టదు కాకా" అంది త్రివేణి. "టైమ్ ఒకటీ నలభై. బోర్డు మీటింగు నాలుగింటికి. రెండు గంటల ఇరవై నిమిషాలు ఉన్నయి. మస్తు."

త్రివేణి నిజామాబాద్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టి ఆరేళ్లయింది. అంతకుముందు పద్నాలుగేళ్లు ఎస్సైగా చేసింది. ఎదుటివాడు గొంతు పెంచితే తాను తగ్గించడం అక్కడే నేర్చుకుంది. ఈ రోజు ముగ్గురినీ బోధన్‌లోని ఈ ఫంక్షన్ హాల్ పక్కగదిలోకి రప్పించింది ఆమే. తప్పు ఈ గదిలో జరిగిందని రాజేందర్ అంటున్నాడు కాబట్టి, తేల్చడమూ ఈ గదిలోనే అని ఆమె పట్టు. కృష్ణవేణి ఎయిర్‌లైన్స్ విజిలెన్స్ అధికారి రాజేందర్ దానికి వెంటనే ఒప్పుకున్నాడు. పొద్దున హైదరాబాద్ నుంచి వస్తూ ఇందల్వాయి టోల్ గేటు దాటేటప్పటికే తన కేసు గెలిచిందని అతని నమ్మకం.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. కృష్ణవేణి ఎయిర్‌లైన్స్‌కు నలభై రెండు విమానాలున్నాయి. అన్నీ మధ్యలో ఒకే నడవ, అటు మూడు ఇటు మూడు సీట్లు ఉండే రకం. అన్నీ పాతబడ్డాయి. వాటి స్థానంలో కొత్తవి కొనాలి. పోటీలో రెండు రకాలు మిగిలాయి. ఒకటి వెస్ట్రా, రెండోది టాల్విన్. ఏది కొనాలో తేల్చే నివేదిక రాసే బాధ్యత సుకన్యది. ముప్పై నాలుగేళ్ల వయసులో అంత పెద్ద బాధ్యత దక్కిందని బోధన్ వాళ్లు సోమవారం ఇదే హాల్లో ఆమెకు సన్మానం చేశారు. అదే రోజు ఉదయం పదకొండు నలభై రెండుకు ఆమె పేరుతో నివేదిక బోర్డు సభ్యులకు మెయిల్‌లో వెళ్లింది. అందులో వెస్ట్రా గెలిచింది.

మంగళవారం పొద్దున సుకన్య దాన్ని తెరిచి చూసి అదిరిపడింది. ముప్పై ఏడో పేజీలో ఒక అంకె, దాని కింద ఏ విమానం కొనాలో చెప్పే వాక్యం మారి ఉన్నాయి. ఆ మెయిల్ తాను పంపలేదని వెంటనే పైవాళ్లకు చెప్పింది. అదే ఆమె మెడకు చుట్టుకుంది. టాల్విన్ వాళ్లు మధ్యలో ఏదో ముట్టజెప్పారు కాబట్టే తన నివేదికను తానే కాదంటోందని ఆరోపణ వచ్చింది.

త్రివేణి కుర్చీ లాక్కుని సుకన్య ఎదురుగా కూర్చుంది.

"నేను విమానం ఎక్కింది రెండే సార్లు. నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. కొత్త విమానం ఎట్ల ఎంచుకుంటరు? ధర చూసి కొంటరా?"

"ధర చివర్ల చూస్తం అక్కా. ముందు మన దారులు చూస్తం. మా విమానం దినాం ఆరుసార్లు లేస్తది, ఆరుసార్లు దిగుతది. ఎక్కువ దూరం పోదు, గంటన్నర. ఒక్కో సీటుకు ఎంత ఇంధనం తాగుతది? మే నెల ఎండకు నిండా మందితోని లేస్తదా? మా పైలట్లు ఆరు వందల మంది. కొత్త రకం తెస్తే అందరికీ మళ్ల నేర్పాలె. వాళ్లను ట్రైనింగుకు తోలితే ఈడ నడిపేదెవరు? అన్నిటికంటె పెద్ద సవాలు ఇంకోటున్నది. ఇయ్యాల ఆర్డర్ ఇస్తే విమానం చేతికి ఎప్పుడొస్తది?"

"ఎప్పుడొస్తది?"

"వెస్ట్రా వచ్చే ఏడాది. టాల్విన్ మూడేండ్లకు."

"అయితే వెస్ట్రానే మంచిది గద?"

"గట్లనే అనిపిస్తది. తొందరగ వస్తది, ఇంధనం తక్కువ తాగుతది. కాని దాని ఇంజన్ మన ఎండకు, మన దుమ్ముకు ఆగదు. విప్పి రిపేరుకు పంపకుండ పద్దెనిమిది వేల గంటలు నడుస్తదని కంపెనోళ్లు రాసుకున్నరు. సల్లటి దేశాల్ల నడుస్తదేమో. మనసొంటి వేడి దేశాల్ల దాన్ని నడిపిన మూడు ఎయిర్‌లైన్ల రికార్డులు నేను తెప్పిచ్చిన. పదకొండు వేల ఐదు వందలకే విప్పిండ్రు. ఇంజన్ రిపేర్ల ఉంటే విమానం నేల మీదనే. అందుకే టాల్విన్ తీసుకుందాం, అది వచ్చేదాక పాత వాటిల్ల మంచిగున్న వాటిని పెద్ద రిపేరు చేయించి నడుపుదాం అని రాసిన."

దశరథం గొంతు సవరించుకున్నాడు. "షుగర్ ఫ్యాక్టరీల టర్బైన్ ఇరవై ఆరేండ్లు నా చేతుల మీద తిరిగిందమ్మా. ఆవిరిల ఉప్పు కలిస్తే బ్లేడ్లను ఎట్ల తింటదో ఈ పిల్లకు పదేండ్లప్పుడే చూపెట్టిన. కంపెనోడు రాసే గంటలు వేరు, మిషిని చెప్పే గంటలు వేరు. నా బిడ్డ మిషిని మాట విన్నది. అది తప్పెట్లయితది?"

ఆ మాట అంటున్నప్పుడు అతని వీపు నిటారైంది. ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయినా ఆ టర్బైన్ ఫిట్టర్ గొంతులో ధీమా మూతబడలేదని త్రివేణికి తోచింది.

"కథలు బాగున్నాయి" అన్నాడు రాజేందర్. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు. "ఇది సర్వర్ లాగ్. సోమవారం ఉదయం పదకొండు పదికి ఈవిడ లాగిన్. పదకొండు నలభై రెండుకు మెయిల్. రెండూ ఈ హాల్ వైఫై నుంచే. సన్మానం మొదలైంది పన్నెండు పదికి. అప్పటిదాకా ఈవిడ ఈ గదిలోనే ఉంది. ఇంకేం కావాలి మీకు?"

"మీరు నివేదిక మొత్తం చదివిండ్రా సార్?"

"నూట పది పేజీలు చదవడం నా పని కాదు."

"నా పని కూడ కాదు. అయినా నిన్న కూసొని చదివిన." త్రివేణి సంచిలోంచి సోమవారం నాటి నివేదిక తీసి యాభై రెండో పేజీ తెరిచింది. "సుకన్యా, వెస్ట్రా కొంటే పదకొండు స్పేర్ ఇంజన్లు కావాలని ఈడున్నది. ఈ పదకొండు ఎట్లొచ్చింది?"

"పదకొండు వేల ఐదు వందల గంటలకే ఇంజన్లు విప్పాల్సి వస్తే ఎప్పుడూ కొన్ని రిపేర్ల ఉంటయి. వాటి జాగల పెట్టనీకి."

"పద్దెనిమిది వేల గంటలు నడిస్తే?"

"ఏడు చాలు."

త్రివేణి ముప్పై ఏడో పేజీని తీసి దాని పక్కనే పెట్టింది. "ఈ పేజీల పద్దెనిమిది వేలు. ఆ పేజీల పదకొండు స్పేర్లు. నివేదికంత ఒక లెక్క మీద నడుస్తున్నది, ఈ ఒక్క పేజీ ఇంకో లెక్క మీద. అంటే ఈ అంకె తర్వాత దూరింది సార్."

రాజేందర్ రెండు పేజీలనూ మార్చి మార్చి చూశాడు. మనిషి మొండివాడే గాని మూర్ఖుడు కాదు.

"తొందర్లో ఆవిడే ఒకటి మార్చి రెండోది మర్చిపోయి ఉండొచ్చు. ఇది అనుమానం మేడమ్. ఆధారం కాదు."

"ఒప్పుకుంటున్న. ఆధారం ఆ గోడకున్నది."

అందరూ అటు చూశారు. గోడకు బిగించిన చిన్న చెక్క మీద వైఫై పెట్టె పచ్చ దీపాలతో మిణుకుమంటోంది.

త్రివేణి తలుపు తీసి హాల్ మేనేజర్ ఆత్మారాంను పిలిచింది. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అన్నా, సోమవారం కరెంటు ఎప్పుడు వోయింది?"

"లైన్ పనున్నదని బంద్ చేసిండ్రక్కా. సబ్‌స్టేషనోళ్లు మా గ్రూపుల పెట్టిండ్రు, ఇగో" అంటూ ఫోన్ చూపించాడు. పదకొండు ముప్పై ఒకటికి బంద్. పదకొండు యాభై ఎనిమిదికి మళ్లీ వచ్చింది.

రాజేందర్ నవ్వాడు. "బయట జనరేటర్ చూశాను. ఫంక్షన్ హాల్ కదా, కరెంటు పోతే చేతులు కట్టుకుని కూర్చుంటారా?"

"జనరేటర్ ఉన్నది సార్, గాని..."

"చెప్పకన్నా" అని ఆపింది త్రివేణి. "చేసి చూపెట్టు. సోమవారం ఎట్ల చేసినవో గట్లనే."

ఆత్మారాం బయటికి వెళ్లి మెయిన్ దించాడు. గది చీకటైంది. నిమిషంలోపే జనరేటర్ దడదడలాడింది. తెరిచిన తలుపులోంచి చూస్తే స్టేజీ మీద దీపాలు వెలిగాయి, హాల్లో ఫ్యాన్లు తిరిగాయి. పక్కగదిలో మాత్రం ఒక్క దీపం వెలగలేదు. గోడ మీద పచ్చ చుక్కలు ఆరిపోయి ఉన్నాయి.

"జనరేటర్ లైను స్టేజీకి, హాల్‌కే ఇచ్చినం సార్" అన్నాడు ఆత్మారాం తిరిగొచ్చి. "ఈ రూముకు లేదు."

త్రివేణి ఫోన్ టార్చి వేసి రాజేందర్ చేతికిచ్చింది. "నేను చూస్తే మీకు నమ్మకం కుదరదు. మీరే చూడుండ్రి. దానికి బ్యాటరీ ఉన్నదా, ఇన్వర్టర్ ఉన్నదా, ఇంకో వైరున్నదా."

అతను చూశాడు. తీగ వెంటే వెళ్లాడు. టేబుల్ కిందికి మోకాళ్ల మీద వంగి మరీ చూశాడు. లేచేటప్పటికి నలగని ఇస్త్రీ ప్యాంటుకు రెండు చోట్ల దుమ్ము గుండ్రంగా అంటింది.

"ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని పంపిందేమో."

"పంపొచ్చు. గప్పుడు మీ కాగితం మీద ఫోన్ అడ్రస్ ఉండాలె. హాల్ వైఫై అడ్రస్ ఎందుకున్నది? ఆరిపోయిన పెట్టె నుంచి మెయిల్ ఎట్ల పోయింది సార్?"

రాజేందర్ టార్చిని మళ్లీ ఆ పెట్టె మీదికి తిప్పాడు.

"ఇంకో మాట సార్" అన్నాడు ఆత్మారాం. "కరెంటు వోంగనే మేడమ్ బ్యాగు భుజానికేసుకొని బయటికొచ్చింది. నలభై మంది పాత ఫ్యాక్టరీ కార్మికులు వచ్చిండ్రు ఆ దినం. వాళ్ల నడుమ కుర్చీ ఏసుకొని కూసొని విమానం ఇంజన్ బొమ్మ గీసి సమజయ్యేటట్టు చెప్పింది. వీడియో ఉన్నది. వాళ్లు ఇంజన్ల సంగతి అడుగుతుంటే మేడమ్ చెప్తుంటే, మా ఫొటోగ్రాఫర్ సుత ఫొటోలు తీసుడు మరిచి విన్నడు."

దశరథం తల పక్కకు తిప్పుకుని దస్తీతో ముఖం ఒత్తుకున్నాడు.

ఆత్మారాం వెళ్లి మెయిన్ మళ్లీ ఎక్కించాడు. త్రివేణి రాజేందర్ ముందున్న లాగ్ కాగితం మీద వేలు పెట్టింది.

"ఇది సర్వర్ నుంచి మీరే తీసిండ్రా?"

"అది మీకు అనవసరం."

"కింద సంతకం మీదే. మీరు తీయని కాగితానికి మీరు సంతకం పెట్టిండ్రా?"

"మేడమ్!" రాజేందర్ గొంతు లేచింది. "ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. నా సంతకం కింద ఒక్క అబద్ధం పోలేదు. బోధన్‌లో కూర్చుని మీరు నాకు..."

"ఇయ్యాల పోతున్నది" అంది త్రివేణి, గొంతు తగ్గించి.

అతను నిలబడిపోయాడు. దవడలు బిగుసుకున్నాయి. ఒక మంచి పనివాడికి తన పనిముట్టునే ఎవరో దొంగతనంగా వాడుకున్నారని తెలిసినప్పటి కోపం అది. త్రివేణికి ఆ కోపం మీద గౌరవం కలిగింది.

రాజేందర్ ఫోన్ తీసి హైదరాబాద్ సర్వర్ గదికి కలిపాడు. "సోమవారం లాగ్ కావాలి. సుకన్య గారి పేరు మీద పదకొండు నుంచి పన్నెండు దాకా. ఎవరి ద్వారా వద్దు, మిషన్ నుంచి తీసి నేరుగా నాకు పంపండి. డైరెక్టర్ గారికి చెప్పాల్సిన పని లేదు. నేను అడిగానని రాసుకోండి."

"ఏ డైరెక్టర్?" అంది త్రివేణి.

రాజేందర్ ఫోన్ దించి చెప్పాడు. "అఖిలేష్ గారు. టెక్నికల్ డైరెక్టర్. ఈ కాగితం నాకు ఇచ్చింది ఆయనే."

లాగ్ వచ్చేసరికి మూడు దాటి పన్నెండు నిమిషాలైంది. ఈ లోపు దశరథం తెప్పించిన చాయ్‌ని రాజేందర్ మొదట వద్దన్నాడు, తర్వాత తాగాడు. ఫోన్ మోగగానే గ్లాసు పక్కన పెట్టి గట్టిగా చదివాడు.

"పదకొండు పది, బోధన్ హాల్ వైఫై. ఇది నిజమే. పదకొండు నలభై రెండు..." ఆగాడు. "హెడ్డాఫీసు. నాలుగో అంతస్తు. అఖిలేష్ గారి గది కంప్యూటర్."

 రాజేందర్ రాజీనామా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నాకు సాక్ష్యంగా కావాలి. సుకన్య గారూ, నన్ను క్షమించండి."

"నా పాస్‌వర్డ్ ఆయనకెట్ల తెలుసు?" అంది సుకన్య.

"మీ విభాగం పాస్‌వర్డులు మార్చే అధికారం ఆయనకుంది. పై లైనులో ఉన్న అడ్రస్‌నే కింది లైనుకూ అతికించి నాకిచ్చాడు. కరెంటు పోయిన సంగతి హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? వెస్ట్రా వాళ్ల దగ్గర గట్టిగానే తిని ఉంటాడు."

త్రివేణి తల ఊపలేదు. అతని భుజం మీదుగా ఫోన్ తెర వైపు చూస్తోంది. "సార్, కింద ఇంకో లైనున్నది. పదకొండు నలభై ఏడు. ఆమె లాగిన్‌తోనే ఇంకో ఫైలు తెరిచి మార్చిండు. ఏంది గది?"

సుకన్య ఫోన్ అందుకుని చూసింది. లాప్‌టాప్ తెరిచి ఆ ఫైలు తీసింది. చూస్తూ చూస్తూ ఆమె ముఖంలో రంగు మారింది. నివేదిక రాసేటప్పుడు తీసుకున్న అదే ఫైలు జూన్ నెల ప్రింటును బ్యాగులోంచి తీసి తెర పక్కన పెట్టింది.

"ఇది కొత్త విమానాల ఫైలు కాదక్కా. పాతవాటి ఇంజన్ల రికార్డు. ఇంజన్ లోపట రెక్కలు బిగించే చక్రం ఉంటది. విమానం ఒక్కసారి లేచి దిగితే దాని ఆయుష్షుల ఒకటి తగ్గినట్టు. ఇరవై వేలు నిండినంక దాన్ని తీసెయ్యాలె. ఆ తర్వాత ఒక్కసారి సుత లేవొద్దు. అది పగిలితే ముక్కలు బుల్లెట్ల లెక్క విమానం రెక్కలల్లకు దూస్కపోతయి." ఆమె వేలు ఒక వరుస మీద నిలిచింది. "ఈ విమానం చక్రం జూన్ల పందొమ్మిది వేల ఎనిమిది వందల డెబ్బై. దినానికి ఆరు. రెండు నెలలైంది. ఇప్పుడు ఇరవై వేల రెండు వందలు దాటి ఉండాలె. ఈడ పందొమ్మిది వేల వంద చూపెడ్తున్నది."

"మిషిని వయసు వెనకకు పోతదా!" అన్నాడు దశరథం.

త్రివేణికి అప్పుడు మొత్తం అర్థమైంది. "లంచం కాదు సార్. టాల్విన్ తీసుకుంటే పాత విమానాలు ఇంకో మూడేండ్లు ఉంటయి. పెద్ద రిపేరు చేయాలె. చేస్తే ఇంజన్లు విప్పుతరు. విప్పితే ఈయన చక్రాలు మార్చకుండ నడిపిచ్చిన సంగతి బయటపడ్తది. వెస్ట్రా వస్తే పాతవి ఏడాదిల అమ్ముడువోతయి, ఎవ్వరు విప్పరు. ఎప్పుడన్నా దొరికినా, మార్చింది సుకన్య లాగిన్."

"ఆ విమానం ఇప్పుడెక్కడుంది?" అన్నాడు రాజేందర్.

సుకన్య అప్పటికే వెతుకుతోంది. "హైదరాబాద్‌ల. విశాఖపట్నం పోవాలె. మూడు నలభైకి లేస్తది. నూటా డెబ్బై నాలుగు మంది."

టైమ్ మూడు ఇరవై ఆరు.

రాజేందర్ కంట్రోల్ రూముకు ఫోన్ కలిపాడు. అవతలి మనిషి ఏదో అడ్డుచెప్పాడు. రాతపూర్వకంగా కావాలన్నాడు, టెక్నికల్ డైరెక్టర్ అనుమతి కావాలన్నాడు.

"నా మాట మీద ఆపండి" అన్నాడు రాజేందర్. "నా పేరు రాసుకోండి. టైమ్ రాసుకోండి. తప్పైతే నా ఉద్యోగం తీసేయండి. విమానం మాత్రం లేవకూడదు."

ఆ తర్వాత పది నిమిషాలు రాజేందర్ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయలేదు. దశరథం కూతురి కుర్చీ వెనక నిలబడి, టర్బైన్ చప్పుడు వినేవాడిలా తల వంచి ఉన్నాడు. మూడు ముప్పై ఎనిమిదికి రాజేందర్ కళ్లు మూసి తెరిచాడు.

"రన్‌వే దాకా పోయింది. వెనక్కి తిప్పారు. జనాన్ని దింపుతున్నారు."

దశరథం కూతురి తల మీద చెయ్యి వేశాడు. "నూటా డెబ్బై నాలుగు మంది బిడ్డా" అన్నాడు. త్రివేణి మూసి ఉన్న కిటికీ వైపు తిరిగింది. ఎన్నో కేసులు తేల్చింది గాని, ఒక గదిలో ఇంతమంది గర్వంతో ఊపిరి బిగబట్టడం ఆమె చూడలేదు. అందులో తానూ ఉంది.

సుకన్య మాత్రం చూపు తిప్పుకోలేదు. జూన్ ప్రింటును తెరతో ఒక్కో వరుస పోల్చుకుంటూ పోతోంది. ఆమె పెన్సిల్ ఒకచోట ఆగి గుర్తు పెట్టింది. ఇంకొంచెం కిందికి వెళ్లి మళ్లీ ఆగింది. చివరి గుర్తు పడేసరికి నాలుగు కావస్తోంది; త్రివేణి దగ్గరికి వచ్చి ఆ గుర్తులు లెక్కపెట్టింది.

సరిగ్గా నాలుగింటికి లాప్‌టాప్ తెర మీద బోర్డు గది కనిపించింది. బల్ల చివర ఛైర్‌పర్సన్ జ్యోతిరాణి. ఆమె కుడిపక్కన, నీలం టైతో, చేతులు కట్టుకుని కూర్చున్న అఖిలేష్.

"సుకన్యా, రాజేందర్ గారు నాకు ఫోన్లో కొంత చెప్పారు. మిగతాది తర్వాత మాట్లాడదాం" అంది జ్యోతిరాణి. "ఆర్డరు మీద ఈ రోజే నిర్ణయం చెప్పాలి. నీ అసలు నివేదిక ఏమంటోంది? వెస్ట్రానా, టాల్విన్‌నా?"

సుకన్య లేచి నిలబడింది. అఖిలేష్ కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"ఏ విమానం కొనాల్నో తర్వాత చెప్త మేడమ్. ముందు ఏ విమానాలు ఎగరొద్దో చెప్త. రాసుకోండ్రి. ఇంకా ఆరున్నయి. అందుల రెండు ఇప్పుడు గాలిలనే ఉన్నయి."